అనంత దూరానికి కటకం అమరిక: నిజామియా వేధశాల నుండి మెదక్ చర్చి శిఖరం దాకా

కెమెరా కటకంపై అడ్డంగా పడుకొన్న ఎనిమిది వంటి గుర్తు అనంత దూరాన్ని సూచిస్తుంది. ఆ గుర్తు వద్ద దూరపు బింబం నిజంగా స్పష్టపడుతుందా అన్నది పరీక్షించి తెలుసుకోవలసిన విషయం. ఆ పరీక్ష చరిత్రను తెలంగాణ నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళ్ (1844–1905) కాలపు పెట్టె కెమెరాలలో ఈ సందేహానికి తావు లేదు. నల్లగుడ్డ కప్పుకొని, గరుకు గాజుపై బింబాన్ని కంటితో సరిచూసుకొన్న తరువాతే ప్లేటు అమర్చేవారు. 1925లో లైకా విపణిలోకి వచ్చింది. అందులో గరుకు గాజు లేదు కాబట్టి గుర్తును నమ్మడం అనివార్యమైంది. 1930లో ఆ సంస్థ తెచ్చిన మార్పిడి కటకాలను ఒక్కొక్క కెమెరాకు విడిగా సరిపోల్చవలసి వచ్చేది. 1931లో కటకం ఆనే అంచు నుండి ఫిల్ము వరకు 28.8 మి.మీ. దూరం ప్రమాణమైంది.

నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల నక్షత్రాలనే చిత్రించింది. అంతర్జాతీయ నక్షత్రపట పథకంలో భాగంగా 8 అంగుళాల కుక్ దూరదర్శినితో ఆకాశభాగాలను ప్లేట్లపైకి ఎక్కించింది. ఆ పథకం ప్రమాణం ప్లేటుపై 1 మి.మీ.కు 1 కళ. అందుకు నాభ్యంతరం సుమారు 3.4 మీటర్లు ఉండాలి.

ఇక్కడే అనంతం సాపేక్షమని తెలుస్తుంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మెదక్ చర్చి శిఖరం 175 అడుగుల ఎత్తు. దానిని కిలోమీటరు దూరం నుండి చూస్తే, 50 మి.మీ. కటకానికి బింబం అనంత స్థానం నుండి 0.0025 మి.మీ. మాత్రమే జరుగుతుంది. 500 మి.మీ. కటకానికి అది 0.25 మి.మీ.; 3.4 మీటర్ల నాభ్యంతరానికి దాదాపు 12 మి.మీ. చేతి కెమెరాకు ఆ శిఖరం అనంతమే. వేధశాల పరికరానికి మాత్రం అది చేరువలోని వస్తువు. దానికి నక్షత్రమే గురి.

ఇంట్లో చేసే పరీక్ష దీనదయాళ్ నాటి పద్ధతికి పునరావృత్తి. ఫిల్ము కెమెరా వెనుక తలుపు తెరిచి, ఫిల్ము ఆనే పట్టాలపై గరుకు గాజు ముక్కను, గరుకు వైపు కటకానికి అభిముఖంగా ఆనిస్తారు. షట్టరును తెరిచి ఉంచి, కటక ద్వారాన్ని పూర్తిగా విప్పి, శిఖరాగ్రాన్ని భూతద్దంతో చూస్తారు. ద్వారాన్ని కుదిస్తే లోపం మరుగున పడుతుంది. అనేక పాత కటకాలలో ఫోకస్ వలయాన్ని పట్టి ఉంచే చిన్న మరలను వదులు చేసి, బింబం స్పష్టపడిన చోట గుర్తు నిలిచేలా వలయాన్ని తిప్పి, మరలను తిరిగి బిగిస్తారు.

పాత ఛాయాచిత్రాలను చారిత్రక ఆధారాలుగా స్వీకరించే పరిశోధకులకు ఈ వివేచన అవసరం. దూరపు కట్టడం మసకబారి, ముందున్న వస్తువు స్పష్టంగా ఉంటే, అది చిత్రకారుని ఉద్దేశమని వెంటనే నిర్ణయించరాదు. కటకం అమరికలో లోపమూ కారణం కావచ్చు. అందువల్ల చిత్రాన్ని వ్యాఖ్యానించే ముందు, దానిని తీసిన పరికరాన్నీ పరిశీలించడం సముచితం.