ఒక బిల్లు, ఒక చెక్క సుత్తి, ముగ్గురు డింగెల్‌లు

వారసత్వ రాజకీయాలు అనగానే అమెరికాలో కెనెడీలు, బుష్‌లు గుర్తొస్తారు కదా. ఈరోజు మనలో చాలామంది పేరు కూడా వినని కుటుంబం గురించి మాట్లాడుకుందాం. మిషిగన్ రాష్ట్రం, డెట్రాయిట్ ప్రాంతం. ఇంటిపేరు డింగెల్.

1932 ఎన్నికల్లో జాన్ డింగెల్ సీనియర్ ప్రతినిధుల సభకి గెలిచారు. పోలండ్ మూలాలున్న కుటుంబం. యవ్వనంలో క్షయ వచ్చి బతికి బయటపడ్డ మనిషి. జబ్బు చేస్తే పరిస్థితి ఎలా ఉంటుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1943లో సెనేటర్లు వాగ్నర్, మరేలతో కలిసి ఒక బిల్లు పెట్టారు. జీతాల్లోంచి కొంత మినహాయించి, ఆ డబ్బుతో జాతీయ ఆరోగ్య బీమా ఇవ్వాలని. డాక్టర్ల సంఘం గట్టిగా అడ్డుపడింది. బిల్లు పాసవ్వలేదు.

1955లో ఆయన పోయారు. డిసెంబర్‌లో జరిగిన ఉపఎన్నికలో కొడుకు గెలిచాడు. వయసు 29. అక్కడ టికెట్ హైకమాండ్ ఇవ్వదు, ప్రైమరీలో ఓటర్లే అభ్యర్థిని తేలుస్తారు. నిజమే. కానీ ఒక్కసారి ఆలోచించండి, కొడుకు పేరు కూడా జాన్ డింగెలే! బ్యాలెట్ మీద ఓటరుకి ఇరవై ఏళ్లకి పైగా అలవాటైన పేరే కనిపించింది. అదే వయసున్న వేరే కుర్రాడికి ఆ అవకాశం ఉంటుందా?

అయితే ఈ కొడుకు ఒక పని చేశాడు. రెండేళ్లకోసారి కొత్త కాంగ్రెస్ మొదలైనప్పుడల్లా నాన్న బిల్లుని మళ్లీ ప్రవేశపెట్టాడు. ఎన్ని దశాబ్దాలైనా పాసవ్వలేదు, ఆయనా వదల్లేదు. 1965లో 65 ఏళ్లు దాటినవాళ్ల కోసం మెడికేర్ బిల్లు సభలో పాసైన రోజు అధ్యక్ష స్థానంలో కూర్చున్నది ఈయనే. ఆరోజు బల్ల మీద కొట్టిన చెక్క సుత్తిని దాచుకున్నారు. 2010 మార్చి 21న ఒబామా ఆరోగ్య చట్టం 219–212 ఓట్లతో సభ దాటినప్పుడు స్పీకర్ నాన్సీ పెలోసీ చేతిలో ఉన్నది అదే సుత్తి.

ఇక్కడ ఒకటి చెప్పాలి. అది నాన్న అడిగిన బీమా కాదు. ప్రైవేట్ కంపెనీలు అలాగే ఉన్నాయి. 67 ఏళ్ల తర్వాత కూడా దక్కింది సగమే.

ఆయన 59 ఏళ్లు సభ్యుడిగా ఉన్నారు, కాంగ్రెస్‌లో అదే రికార్డు. 2014లో ఆయన పోటీ చెయ్యలేదు. గెలిచింది భార్య డెబీ డింగెల్. అంటే 1955లో కొన్ని నెలలు తీసేస్తే 1933 నుంచీ సభలో ఎప్పుడూ ఒక డింగెల్ ఉన్నారు.

నా అభిప్రాయం అడిగితే రెండూ నిజమే. అంత పాత పనిని పట్టుకుని కూర్చోవడానికి ఇంట్లో ఒక జ్ఞాపకం కావాలి. కానీ ఆ 80 ఏళ్లలో డెట్రాయిట్ చుట్టుపక్కల ఇంకెంతమందికి ఆ తలుపు తెరుచుకోలేదో ఏ రికార్డులోనూ ఉండదు. మీ నియోజకవర్గంలో వారసుడు ఉంటే ఒక్కటి చూడండి: తండ్రి మొదలుపెట్టి ఆపేసిన పని ఏంటో ఆయన చెప్పగలడా?

కామెంట్స్‌లో రాయండి.