ఐదో అధికరణ: సింహళంలో ఒక వాగ్దానం చరిత్ర

1815 మార్చి 2న కండి నగరంలో బ్రిటిష్ గవర్నరు రాబర్ట్ బ్రౌన్‌రిగ్‌కూ, కండి రాజ్య ప్రధానులకూ మధ్య ఒక ఒడంబడిక కుదిరింది. పదవీచ్యుతుడైన శ్రీ విక్రమ రాజసింహుడు తెలుగు మూలాలున్న మదురై నాయక్కర్ల వంశీయుడు. ఆయన రాయవేలూరు కోటలో బందీగా ఉండి 1832లో మరణించాడు. సింహళ సింహాసనంతో మన భాషకున్న చుట్టరికం అలా ముగిసింది.

ఆ ఒడంబడికలోని ఐదో అధికరణను బౌద్ధాభిమానులు శ్రద్ధగా పరిశీలించాలని మా మనవి. బుద్ధధర్మం అనుల్లంఘనీయమని, దాని ఆచారాలనూ, భిక్షువులనూ, ఆరాధనా స్థలాలనూ కాపాడతామని ప్రభుత్వం అందులో ప్రకటించింది. ఇది కేవలం మర్యాద వాక్యం కాదు. కండి రాజ్యంలో మహానాయక స్థవిరులను నియమించడం, దంతధాతువును సంరక్షించడం రాజధర్మాలు. విహార భూములను సాగుచేసే రైతుల సేవలు సక్రమంగా అందేటట్లు చూసేది కూడా రాజాధికారమే. ఆ బాధ్యతలన్నీ ఇప్పుడు గవర్నరుకు సంక్రమించాయి. 1818 తిరుగుబాటును అణచిన తరువాత దంతధాతువు కూడా బ్రిటిష్ వారి కాపలాలోకి వచ్చింది.

1833లో కోల్‌బ్రూక్, కామెరాన్‌ల సిఫారసులపై పాలనావ్యవస్థ మారింది. ద్వీపమంతా ఒకే పాలన కిందికి వచ్చి, ఐదు రాష్ట్రాలుగా విభజింపబడింది. కొత్త శాసన మండలిలో పదిహేనుగురు సభ్యులు. వారిలో తొమ్మండుగురు అధికారులే. మిగిలిన ఆరు స్థానాలలో సింహళీయులకు దక్కినది ఒక్కటి. భిక్షు సంఘానికి స్థానమే లేదు. 1840 నాటి పన్నెండో ఆర్డినెన్సు, హక్కు రుజువు కాని అడవులనూ, బీడు భూములనూ ప్రభుత్వ భూములుగా భావించింది.

ఇంతలో మిషనరీల విమర్శ తీవ్రమైంది. విగ్రహారాధనకు క్రైస్తవ ప్రభుత్వం అండగా నిలవడమేమిటని వారు లండనును నిలదీశారు. 1840ల చివరికి ప్రభుత్వం దంతధాతువు సంరక్షణ నుండి తప్పుకొని, దానిని స్థవిరులకూ, గృహస్థ ప్రధానికీ అప్పగించింది. ఇది మత తటస్థతగా కనిపిస్తుంది. కాని నియామక పత్రమిచ్చే రాజు లేడు; పత్రం లేని స్థవిరుని అధికారాన్ని న్యాయస్థానంలో నిరూపించడం కష్టం. విహార భూముల సేవలు, ఆదాయాలు వివాదాల పాలయ్యాయి. ప్రభుత్వం బాధ్యతను వదులుకున్నది గాని, భూమిపై శాసనాధికారాన్ని వదులుకోలేదు. ఎన్నికైన స్థవిరులను గుర్తించే ఏర్పాటు 1853లో జరిగింది. విహార ఆస్తుల ఆర్డినెన్సు 1889లో గాని రాలేదు.

అయినప్పటికీ ధర్మం నశించలేదు. 1873 పానదుర వాదంలో మిగెట్టువత్తె గుణానంద స్థవిరుడు ప్రజల ఎదుట నిలిచాడు. 1880లో వచ్చిన ఆల్కాట్ సింహళ గృహస్థులతో కలిసి పాఠశాలలకు పునాది వేశాడు. 1884లో లండను వెళ్లి బౌద్ధుల ఫిర్యాదులను వలసశాఖకు నివేదించాడు. మరుసటి సంవత్సరం వైశాఖ పూర్ణిమ సెలవుదినమైంది. ఈసారి అడిగినది రాజు కాదు, ప్రధానులు కాదు. సంఘటితమైన సామాన్య ఉపాసకులు.

ఈ వృత్తాంతం నుండి మేము గ్రహించినది ఇది. పాలకుడిచ్చిన హామీ పాలకుని అవసరం ఉన్నంతకాలమే నిలిచింది. కనుక నేడు విహారం నిర్మించుకునే మనం శాసన రక్షణను కోరవలసిందే. దానితోపాటు పాఠశాలను నడపాలి, భూమి పత్రాలను భద్రపరచాలి, జమాఖర్చులను పదిమంది ముందు ఉంచాలి. ఐదో అధికరణ చేయలేని పనిని సింహళ ఉపాసకులు ఇటువంటి శ్రమతోనే సాధించారు.