ఇరుసు ఎత్తు

మా తమ్ముడు పాత జీపు కొని, వెనక తొట్టి కట్టించి పికప్ చేశాడు. వానల్లో రాయవరం పుంతలో కొబ్బరికాయల బరువుతో రెండుసార్లు కూరుకుపోయిందిట. అప్పట్నుంచీ ఒకటే గొడవ: "అక్కా, బండి ఎత్తు పెంచాల్సిందే!"

జీపు పుట్టిందే బురద కోసం. 1941లో విల్లీస్ కంపెనీ అమెరికా సైన్యానికి చేసింది. 1945లో మొదలైన మహీంద్రావారి సంస్థ ఆ దశాబ్దం చివర్లోనే బొంబాయిలో విడిభాగాలు బిగించి మనకి అలవాటు చేసింది. ఆ పాత జీపుల కమాను కట్టలు ఇరుసు కిందుగా ఉండేవి. వాటిని ఇరుసు పైకి మారిస్తే బండి అయిదారంగుళాలు లేస్తుంది. పట్టీలు కలిపినా కాస్త లేస్తుంది గానీ, కూర్చున్నవాళ్ళ ఒళ్ళు హూనం.

అయితే తమాషా ఏమిటంటే, ఇంత చేసినా లేచేది పైనున్న బండే. బురదకి మొదట తగిలే డిఫరెన్షియల్ గుండు ఉన్నచోటే ఉంటుంది! అది లేవాలంటే చక్రమే పెరగాలి. టైరు రెండంగుళాలు ఎత్తు పెరిగితే ఇరుసు లేచేది ఒక్క అంగుళం.

ఈ లెక్క మన వడ్రంగులకి ఎవరు చెప్పారో! కమాన్లూ లేవు, ఇంజనూ లేదు. గుండెలదాకా వచ్చే చక్రం పెట్టి, ఎడ్లబండి ఇరుసుని బురదకి అందకుండా కూర్చోబెట్టారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవలొచ్చి, సరుకు పడవలెక్కాక కూడా చేలోంచి రేవుదాకా ఆ బండే దిక్కు.

నా భయం వేరు. ఎత్తు పెరిగినకొద్దీ బండి తూలుతుంది. పైన కాయలు, పక్కన కాలవ, గట్టుమీద మలుపు... మీరే చెప్పండి!

చివరికి కమాన్ల జోలికి పోలేదు. ఒక సైజు పెద్ద టైర్లు వేయించాడు. మొన్న వానకి మళ్ళీ పుంతలోకి వెళ్ళాడు. హారను వినపడేదాకా నేను అరుగుమీదే నుంచున్నాను.