గడి ముందు సైకిలు, కాలికి చెప్పు

క్రిందటి చలికాలంలో ఒక ఉదయం నిజామాబాదు నుంచి బోధనుకు సైకిలు మీద బయలుదేరాను. దూరం పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఎడపల్లి దాటేసరికి కుడికాలి చివరి రెండు వేళ్ళూ మొద్దుబారాయి. బోధను చేరేటప్పటికి ఆ పాదం నాదో పరాయిదో తెలియని స్థితి. కాలికున్నవి కొత్త సైక్లింగ్ బూట్లు. ఇంటర్నెట్‌లో అంకె చూసి తెప్పించుకున్నవి. నేను ఎప్పుడూ వేసుకునే అంకే. అమ్మిన కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. శక్కర్‌నగర్‌లో ఒక చెట్టు కింద బూట్లు విప్పి వేళ్ళు పిసుక్కుంటూ కూర్చున్నప్పుడు, ఇదే దారిన నాకు ముందు సైకిలు తొక్కినవారి కాళ్ళకు ఏముండేదన్న ప్రశ్న పుట్టింది. ఈ టపా దాని ఫలితం.

మా తాతగారి సంగతి నాయనమ్మ చెప్పగా విన్నాను. సైకిలు కొన్న తొలిరోజుల్లో ఆయన ఊళ్ళో దొర గడి దగ్గరకు రాగానే దిగిపోయేవారట. చెప్పులు విప్పి హ్యాండిలుకు తగిలించి, గడి గోడ అయిపోయేదాకా సైకిలును నడిపించుకుంటూ పోయి, మూల తిరిగాక మళ్ళీ తొడుక్కొని ఎక్కేవారట. నాయనమ్మ దీన్ని నవ్వుతూనే చెప్పేది. చిన్నప్పుడు మేమూ నవ్వేవాళ్ళం. ఇది మా ఒక్క ఊరి ముచ్చట కాదని, నిజాం కాలపు తెలంగాణలో దొర గడి ముందు చెప్పులతో నడవరాదు, వాహనమెక్కి పోరాదు అన్నది ఎన్నో ఊళ్ళలో అమలైన అలిఖిత శాసనమని చాలా ఏళ్ళ తరువాత చదివి తెలుసుకున్నాను. అంటే చెప్పూ సైకిలూ మన ప్రాంతంలో కేవలం సౌకర్యానికి సంబంధించిన వస్తువులుగా మొదలుకాలేదు. ఎవరు వేసుకోవచ్చు, ఎవరు ఎక్కవచ్చు అన్న ప్రశ్న ముందు తేలాలి. పాదానికి సరిపోయిందా లేదా అన్నది ఆ తరువాతి మాట.

మరి ఆ చెప్పులు కుట్టిందెవరు? ఊరి మాదిగ కుటుంబాలు. చచ్చిన పశువు తోలు ఒలిచి, సున్నంలో నానబెట్టి వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క వేసిన లందలో రోజుల తరబడి ఊరబెట్టి పదును చేసేవారు. ఆరె, రంపె, గూటం పనిముట్లు. కిర్రుచెప్పులే కాదు, కాలువలు రాని పొలాల్లో నీళ్ళు తోడే మోట బొక్కెనలు, ఎడ్ల మెడపట్టెలు, కొరడాలు కూడా ఆ చేతులవే. పాదాన్ని తోలు మీద నిలబెట్టి, చుట్టూ గీత గీసి, ఆ గీత వెంట కోసిన చెప్పు ఒక్క మనిషిది మాత్రమే అవుతుంది. ఎడమకాలు కుడికాలికన్నా రవ్వంత పెద్దదైతే ఎడమ చెప్పూ రవ్వంత పెద్దదవుతుంది. ఇవాళ ధనిక దేశాల్లో పందెగాళ్ళు పెద్ద సొమ్ము పోసి చేయించుకునే పని అది.

ఆ పనికి దొర దగ్గర దక్కింది వెట్టి. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో వెలువరించిన తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో, దొరలకు చెప్పులూ వ్యవసాయపు తోలు సామానూ ఉచితంగా సమర్పించుకోవలసిన కుటుంబాల ప్రస్తావన ఉంది. పాదం కొలత ఊళ్ళో అందరికన్నా బాగా తెలిసిన మనిషి తాను కుట్టిన జత దొరకిచ్చి, ఒట్టికాళ్ళతో ఆ గడి ముందు నుంచే ఇంటికి వెళ్ళాలి. మా తాతగారికి గడి దాటాక తొడుక్కోవడానికి ఒక జతైనా ఉంది.

1937 నిజామాబాదు చరిత్రలో గుర్తుంచుకోదగిన సంవత్సరం. ఆరవ ఆంధ్రమహాసభ మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన నిజామాబాదులో జరిగింది. వెట్టిచాకిరీ ఆ మహాసభలను మొదటినుంచీ కలచివేసిన సమస్యే. అదే ఏడు బోధనులో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళు మంజీర నుంచి కాలువల్లో పారి, జొన్న చేలను చెరకు తోటలుగా మార్చాయి. ఫ్యాక్టరీ సైరన్ మోగే వేళకు షిఫ్టు అందుకోవలసిన కార్మికుడికి సైకిలు అవసరం. నెల తిరిగేసరికి చేతికి వచ్చే రొక్కం సైకిలుకూ, చెప్పులకూ దారి చూపింది. గడి నీడ సడలడానికి సభలూ పోరాటాలూ ఎంత కారణమో, ఈ నెలజీతం కూడా కొంత కారణమని నా అభిప్రాయం. కాదనేవారుంటే వినడానికి సిద్ధం.

స్వాతంత్ర్యం వచ్చాక అట్లాస్, హీరో, హెర్క్యులిస్ సైకిళ్ళు వచ్చాయి. ఆ నల్లని బరువైన సైకిలుకు వెడల్పాటి రబ్బరు పెడల్ ఉండేది. దాని మీద ఏ చెప్పైనా, ఒట్టి పాదమైనా ఆనుతుంది. హవాయి చెప్పుతో తొక్కినవారికి ఒక ఇబ్బంది తెలిసే ఉంటుంది: మెత్తని అడుగు పెడల్ చుట్టూ వంగిపోతుంది, బలమంతా అరికాలిలో ఒక్కచోట పడుతుంది. చెప్పు జారకుండా వేళ్ళు ముడుచుకొని పట్టుకోవాలి. ఆ పట్టు వల్లనే పిక్కలు లాగేస్తాయి. షిఫ్టుకు పోయే నాలుగైదు మైళ్ళకు ఫరవాలేదు. యాభై కిలోమీటర్లకు మాత్రం అది శిక్షే.

ఐరోపా పందెగాళ్ళు ఈ ఇబ్బందిని మరోలా తీర్చుకున్నారు. గట్టి అడుగున్న తోలు బూటు, దాని కింద మేకులతో బిగించిన పట్టీ, పాదాన్ని పెడల్‌కు కట్టే తోలువారు. పట్టీ ఎక్కడ కొట్టాలో తెలుసుకోవడానికి కొత్త బూటుతో కొన్నాళ్ళు తొక్కి, పెడల్ అంచు అడుగున వేసిన గీతను చూసేవారు. ఈ పద్ధతి విన్నప్పుడు నాకు మన తోలు మీది గీతే గుర్తుకొచ్చింది. 1984లో ఫ్రాన్సుకు చెందిన లుక్ కంపెనీ వారు లేకుండా బూటు నేరుగా పెడల్‌లో ఇరుక్కునే ఏర్పాటు తెచ్చింది. మరుసటి ఏడు బెర్నార్ హినో దానితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. 1990లో షిమానో కొండదారుల కోసం చిన్న పట్టీని బూటు అడుగులోకి లోతుగా దాచింది. రోడ్డు బూటుకు పట్టీ బయటికి పొడుచుకొని మూడు మరలతో, కొండ బూటుకు రబ్బరు పళ్ళ మధ్య దాగి రెండు మరలతో ఉండే తేడా అప్పటినుంచి స్థిరపడింది.

ఇక నా వేళ్ళ విషయం. బూటు మీది అంకె అనేది పాదం కొలత కాదు. ఐరోపా అంకెలో ఒక్కో మెట్టు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. 42 అంటే బూటు తయారుచేసే అచ్చు పొడవు 28 సెంటీమీటర్లని. ఇంగ్లీషు అంకెలో మెట్టు అంగుళంలో మూడో వంతు, అంటే ఒక బార్లీ గింజ. మన అర్థశాస్త్రం కూడా ఎనిమిది యవల మధ్యభాగాలను ఒక అంగుళంగా లెక్కించింది, యవ అంటే బార్లీయే! గింజ ఒకటే అయినా లెక్క కుదరలేదు. రెండు అంకెల్లోనూ పొడవే తప్ప వెడల్పు లేదు. మద్రాసులోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశమంతటా లక్షకు పైగా మనుషుల పాదాలు కొలిచి, మన పాదాలు ఐరోపావారికన్నా వెడల్పని తేల్చింది. ఆ కొలతల ఆధారంగా ‘భ’ అనే పేరుతో భారతీయ అంకెల పద్ధతిని ప్రతిపాదించింది. ఇన్నాళ్ళూ మనం పరాయి అచ్చులో పాదం ఇరికించి, తప్పు పాదానిదే అనుకున్నాం.

నా బూటును మా వీధి మూలన కూర్చునే తాత దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దాన్ని తిప్పి చూసి, పక్కన పెట్టి, పాత పేపరు పరిచాడు.

“నిలవడు సారూ. కూసొని గీస్తే కొల్త తప్పుతది. బరువు పడ్డంక కాలు వెడల్పయితది.”

“ఇప్పుడే గీస్తావా తాతా?”

“పొద్దుగాల గీయద్దు. తిరిగి తిరిగి మాపటికి రా.”

సైక్లింగ్ పుస్తకాలు చెప్పేదీ ఇదే: కొలత సాయంత్రం, నిలబడి, రెండు పాదాలకూ, తొక్కేటప్పుడు వేసుకునే మేజోళ్ళతోనే, రెండింట్లో పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఆ సాయంత్రం గీసిన గీత మీద బూటులోని అట్టను తీసి పెడితే, చిటికెనవేలి వైపు నా పాదం దాదాపు వేలెడు బయటికి వచ్చింది. అంకె పెంచి లాభం లేదు. పొడవు పెరిగితే మడమ లేస్తుంది. కావలసింది అదే అంకెలో వెడల్పు అచ్చు. మడమ కదలకూడదు, వేళ్ళు ఆడాలి, పట్టీ బొటనవేలి మొదట ఉబ్బుగా ఉండే ఎముక కిందికో, రవ్వంత వెనక్కో రావాలి.

రోడ్డు మీదే తొక్కినా నేను తీసుకున్నది కొండ బూటే. చెరకు ట్రాక్టర్లు రాల్చిన గడలు, కాలువ గట్లు, తరచుగా కాలు కింద పెట్టవలసిన దారి మనది. నున్నని రోడ్డు బూటుతో నాలుగడుగులు వేస్తే జారి పడతాం. మల్లారం గుట్టల్లోకి పోవడానికీ ఇదే పనికొస్తుంది. వెడల్పు జత వచ్చాక మళ్ళీ బోధనుకు వెళ్ళాను. 2015 డిసెంబరులో మూతపడ్డ కర్మాగారం గేటు దగ్గర ఆగినప్పుడు పది వేళ్ళకూ స్పర్శ ఉంది.

తిరిగి వచ్చి తాతకు చూపించాను. ఆయన అడుగునున్న ఇనుప పట్టీని గోటితో తట్టి, ధర అడిగి, నేను చెప్పింది విని కాసేపు మాట్లాడలేదు.

“మంచిగనే ఉంది సారూ. కని కుట్టు లేదు గద. ఊడితే ఎవరు కుడ్తరు?”