కురువింద శబ్ద విచారము

పలనాటిసీమలో నరసరావుపేటకు పడమటనున్న రొంపిచెర్ల పేరు విడదీసినంతనే యర్థము తేటపడును. రొంపి యనగా బురద. చెర్ల యనునది చెఱువునకు సంబంధించిన రూపము. అట్టి యూళ్లలో కత్తులకును కత్తెరలకును సానపట్టువాని చక్రమున వెనుకటి కాలమున నుండిన కఱకుపొడి పేరుమాత్ర మంత సులభముగా తేటపడదు. వాడుకలో సానరాయి యన్న చాలును, గ్రంథములలో కురువిందమందురు. నిఘంటువు నొక్కదానిని చూచి యీ మాట కర్థము నిర్ణయించువారు పొరపడుట కవకాశము మెండు.

అమరకోశమున కురువిందము వనౌషధివర్గమున కానవచ్చును. అచ్చట దాని యర్థము తుంగముస్త. కెంపునకు అమరసింహుడు చెప్పిన పేళ్లు శోణరత్నము, లోహితకము, పద్మరాగము అనునవి. కురువిందము వానిలో లేదు. ఇతరకోశములలో కెంపు, ఇంగిలీకము, ఒకజాతి యవధాన్యము మొదలగు నర్థములు చేరినవి. గడ్డియు, రత్నమును, ధాన్యమును ఒకే మాటకర్థములగుట వింతయే. కాని యివన్నియు నొకే మూలమునుండి పుట్టినవని నమ్మవలసిన పనిలేదు. ఇచట విచార్యము శిలాపరమైన యర్థము మాత్రమే.

ఈ యర్థమునకు బలమైన సాక్ష్యము ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుని బృహత్సంహితయందున్నది. పద్మరాగములు సౌగంధికము, కురువిందము, స్ఫటికము అను మూడింటినుండి పుట్టునని యతడు చెప్పెను. ఈ వాక్యమును జాగరూకతతో చదువవలెను. కురువిందము పద్మరాగమునకు మాఱుపేరని యతడనలేదు. పద్మరాగమునకు పుట్టుచోటని చెప్పెను. మఱియు కురువిందమునుండి పుట్టినవి పలురంగులు కలసినవనియు, మందకాంతి గలవనియు, ధాతువులు చొచ్చియుండుననియు వానికి తక్కువపాటు కల్పించెను. మంచి కెంపును వర్ణింపదలచినవాడు ఇట్టి మాటలాడునా? దక్షిణాపథమున దొరకు కురువిందపురాయిని కన్నవారికి ఈ లక్షణములు వెంటనే స్ఫురించును. అది బూడిదవన్నెగనో, గోధుమవన్నెగనో, మాసిన యెఱుపుగనో యుండి, ఆఱుపలకల కణికలుగా, నడుమ లావై, కొనల సన్నగిలి, వెలుతురు చొరనీయక యుండును. తేటయైన యెఱ్ఱకణిక దొరకుట యరుదు. దొరకినచో నదియే కెంపు.

కావున కావ్యములలో కురువింద శబ్దము మెఱయు కెంపునకు చెల్లవచ్చును గాని, సానకు గాని, మెఱుగుపెట్టుటకు గాని సంబంధించిన పట్ల దానిని కెంపని వ్యాఖ్యానించుట తగదు. కెంపును నూఱి కత్తికి పదును పెట్టుకొనువా డెవ్వడు?

పనివాని సాన చేయు విధము తెలిసిన నీ సంగతి మఱింత స్పష్టమగును. రాతిని దంచి, జల్లించి, ఆ పొడిని కరగిన లక్కతో కలిపి చక్రముగా నచ్చొత్తుదురు. లక్క అఱుగుకొలది క్రొత్త పొడి పైకి తేలుచు కఱకుదనము తఱుగకుండును. మోహ్సు 1812లో నేర్పఱచిన కాఠిన్యపుకొలతలో వజ్రమునకు 10, కురువిందమునకు 9. పలనాటి సున్నపురాతికి ముఖ్యద్రవ్యమైన ఖనిజమునకు 3 మాత్రమే. ఆ సున్నపురాతినేలలో కురువిందము పుట్టదు. ఖమ్మము, మైసూరు, సేలము ప్రాంతముల స్ఫటికశిలలలో నది దొరకును.

పలనాటికి వజ్రము పరాయిది కాదు. కృష్ణాతీరమున నేడు పులిచింతల జలాశయమున మునిగిన కొల్లూరుగనిని పదునేడవ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే చూచి వ్రాసెను. దక్కనులోని మఱియొక గనివద్ద వజ్రమును చక్రముపై నూనెతోను వజ్రపుపొడితోను అఱగదీయుటను గూడ నతడు వర్ణించెను. వజ్రమునకు వజ్రమే సాన. తక్కిన రత్నములకు కురువిందము చాలును. అనగా కెంపును మెఱుగుపెట్టునది కెంపునకు తోబుట్టువైన రాయియే.

ఈ తోబుట్టువుదనమును ఐరోపాపండితులు తెలిసికొనుటకు పందొమ్మిదవ శతాబ్ది రావలసివచ్చెను. 1798లో చార్లెసు గ్రెవిల్ ఈ రాతినిగూర్చి లండను రాయల్ సొసైటీ పత్రికయందు వ్యాసము ప్రకటించెను. 1802లో బూర్నాన్ ప్రభువు కెంపు, నీలము, కురువిందము ఒకే జాతివని కణికల రూపమునుబట్టి నిరూపించెను. మూడును అల్యూమినియపు భస్మములే. క్రోమియము లేశము చేరిన కెంపు. ఇనుమును టైటానియమును చేరిన నీలము. వారు ఆ రాతి కుంచిన పేరు కొరండము. ఇది కురుంద మను దక్షిణదేశపు రూపమునుండి పోయినదే.

కురువిందమునుండి కురుందము పుట్టెనా, కురుందమును సంస్కరించి కురువిందము చేసిరా యను ప్రశ్న మిగిలియున్నది. నడిమి వికారము లోపించి మాట కుఱుచయగుట సహజమే. కాని రాయి దొరకు నేలయు, దానిని వాడు పనివాండ్రును దక్షిణమున నధికముగా నుండుటచే రెండవ పక్షమును తేలికగా త్రోసివేయరాదు. అరవమున రెండు రూపములును కలవు.

1891లో అమెరికాలో ఎడ్వర్డు అచిసన్ కొలిమిలో నొక క్రొత్త కఱకుద్రవ్యమును కనుగొనెను. అది బొగ్గునందలి కర్బనమును కొరండమును కలసినదని తలచి, రెండు పేళ్లను జోడించి కార్బొరండమనెను. తరువాత పరిశీలింపగా నది కర్బనమును సిలికానును కలసినదని తేలినది. కొరండము దానిలో లేదు. అయినను పేరు మాఱలేదు. ఆ పేరితోనే యది తెలుగునాటి సానచక్రములకు తిరిగివచ్చినది.