ఎంట్రోపీకి గందరగోళం ఎలా అంటింది?
పాఠ్యపుస్తకాల్లో ఎంట్రోపీని ‘క్రమరాహిత్యం’ అని విడమర్చడం అలవాటైంది. మాట పుట్టుకలో ఆ అర్థం లేదు. 1865లో జర్మన్ శాస్త్రవేత్త క్లాసియస్, ‘మలుపు, మార్పు’ అనే గ్రీకు ‘ట్రోపే’ నుంచి, ‘ఎనర్జీ’కి జోడుగా వినబడేలా దీన్ని కట్టాడు. మన ‘పరిణామం’లోనూ వంగడం, మారడం అనే ధాతువే ఉంది, కానీ దాన్ని డార్విన్‌కి రాసిచ్చేశాం. గందరగోళం తరువాతి చేర్పు, భౌతిక శాస్త్రవేత్త బోల్ట్‌జ్‌మన్ ఎంట్రోపీని అణువుల అమరికల సంఖ్యతో ముడిపెట్టాక వచ్చింది. పసుపు పాలలో కలిశాక విడిపోదు, అది గందరగోళమే కదా అనవచ్చు. అక్కడ ఆ మాట చెల్లుతుంది. అణువుల చలన సూత్రాలకు కాలంలో ముందూ వెనకా ఒకటే. కలిసిన అమరికలే లెక్కకు మిక్కిలి కాబట్టి విడివడటం మనకు కనబడదు. ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ 1928 నాటి పుస్తకంలో ‘కాలబాణం’ అన్నది ఈ ఏకముఖత్వాన్నే. విశ్వం దగ్గరికొస్తే మాత్రం ‘క్రమరాహిత్యం’ బోల్తా పడుతుంది. మహావిస్ఫోటం తరువాత సుమారు 3.8 లక్షల ఏళ్లకు పదార్థం దాదాపు లక్షలో ఒక వంతు తేడాలతో అంతటా సమంగా కలిసిపోయి ఉండేది. పసుపుపాల లెక్కన ఎంట్రోపీ అప్పుడే గరిష్ఠానికి చేరి ఉండాలి. గురుత్వాన్ని కలిపితే లెక్క తిరగబడుతుంది: సమంగా పరుచుకోవడమే తక్కువ ఎంట్రోపీ, నక్షత్రాలుగా ముద్దకట్టి కృష్ణబిలాలుగా కుంగడమే ఎక్కువ. ఆరంభంలో ఎంట్రోపీ అంత తక్కువగా ఎందుకుందో విశ్వశాస్త్రం ఇంకా తేల్చలేదు.