ఆదివారం ఎవరిది?

ఈ మధ్య ఎవరిని పలకరించినా "వారమంతా ఊపిరి సలపడం లేదండీ!" అంటున్నారు. ఏమిటా పనులని ఆరా తీస్తే, సోమవారం సంగీతం క్లాసు, బుధవారం ఎవరింట్లోనో పేరంటం, శుక్రవారం నలుగురూ చేరి పుస్తకాల ముచ్చట్లు. ఇక ఆదివారం వచ్చిందంటే పెరట్లో ఎండుటాకులు ఊడ్చి, కనకాంబరాలకు పాదులు సరిచేసి, గులాబీ కొమ్మలు కత్తిరించడం. నా సంగతీ అంతే లెండి. తీరిక పనులతోనే తీరిక లేకుండా పోతోంది!

దీన్ని చూసి వేళాకోళం చేసే మగవాళ్లు లేకపోలేదు. కానీ ఆడది తన ఇష్టం కోసం వారంలో ఓ పూట అట్టేపెట్టుకోవడమన్నది చరిత్రలో నిన్నగాక మొన్నటి ముచ్చట. ఆ పూట ఊరికే ఊడిపడలేదు.

అసలీ 'వారం' అన్నదే మనకు మొదటినుంచీ లేదు. పూర్వులు తిథినీ నక్షత్రాన్నీ చూసుకునేవారు. ఏడు గ్రహాల పేర్లతో ఏడు రోజులు లెక్కపెట్టే పద్ధతి పశ్చిమ దేశాలనుంచి మన జ్యోతిష్కుల దగ్గరికి వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో బుధగుప్తుడి కాలపు స్తంభం ఒకటుంది. క్రీ.శ. 484 నాటి ఆ శాసనంలో గురువారం అని స్పష్టంగా ఉంది. మన దేశంలో వారం పేరు కనిపించే తొలినాటి శాసనాల్లో అదొకటి.

వారమైతే వచ్చింది గానీ దాంతోపాటు సెలవు రాలేదు. శుక్రవారం తలంట్లు, శనివారం ఒంటిపొద్దులు అంటూ ఒక్కో రోజుకీ ఒక్కో నియమం వచ్చి చేరింది. నియమం ఎవరిదైనా, దాని తాలూకు రుబ్బడాలూ వండడాలూ ఇల్లాలివే కదా! పేదపిల్లలు రోజుకో ఇంట్లో వారాలు చెప్పుకుని చదువుకునేవారు. వాళ్లెంత గొప్పవాళ్లయ్యారో కథలుగా చెప్పుకుంటాం. ఆ వారాలబ్బాయికి వడ్డించిన చేతుల గురించి ఎవరూ చెప్పుకోరు.

రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ 321లో ఆదివారంనాడు న్యాయస్థానాలూ, పట్టణాల్లో వృత్తిపనులూ ఆపాలని శాసించాడు. వ్యవసాయానికి మాత్రం మినహాయించాడు. విత్తనం చల్లడానికీ ద్రాక్షతీగ నాటడానికీ అదను తప్పితే మళ్లీ దొరకదన్నది కారణం. పెరడున్న వాళ్లకు ఆ మాట బాగా అర్థమవుతుంది. కలుపుమొక్క ఏ వారమూ సెలవు తీసుకోదు మరి!

మన దేశంలో ఆదివారం సెలవు దొరలు దయతలచి ఇచ్చారని చాలామంది అనుకుంటారు. మిల్లు కూలీల విషయంలో అది నిజం కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో తెల్లవారింది మొదలు చీకటిపడేదాకా పనే. అక్కడ ఒక మిల్లులో స్టోర్‌కీపరుగా పనిచేసిన నారాయణ్ మేఘాజీ లోఖండే ఈ సంగతి పట్టించుకున్నాడు. ఆయన జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజం మనిషి, 'దీనబంధు' పత్రిక సంపాదకుడు. బొంబాయిలో ఆ సమాజానికి అండగా నిలిచినవాళ్లలో అక్కడ స్థిరపడ్డ తెలుగు కాంట్రాక్టర్లూ ఉన్నారు. 1884లో లోఖండే కూలీలను కూడగట్టి 5,500 మంది చేత ఒక మహజరు పెట్టించాడు. వారానికో రోజు సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం కావాలన్నవి అందులోని కోరికల్లో ముఖ్యమైనవి. గొంతెమ్మ కోరికలేమీ కావు. అయినా సెలవు చేతికందడానికి ఆరేళ్లు పట్టింది.

1890 ఏప్రిల్ 24న సుమారు పదివేలమంది కార్మికులు సభ చేశారు. ఆ సభలో ఇద్దరు ఆడవాళ్లు లేచి మాట్లాడారు. ఆ రోజుల్లో అంతమంది మగవాళ్ల మధ్య నిలబడి నోరు విప్పాలంటే ఎంత గుండె కావాలి! జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. మరుసటి ఏడు, 1891లో, ఫ్యాక్టరీ చట్టంలోకీ వారపు సెలవు ఎక్కింది.

అయితే ఆదివారం మిల్లు ఆగింది గానీ, పొయ్యి ఆగలేదు. సెలవు కోసం గొంతెత్తిన ఆడవాళ్లు కూడా ఆ రోజు ఇంటికి వెళ్లి పొయ్యి రాజెయ్యవలసిందే.

ఇక నలుగురిలోకి వెళ్లే సంగతి. మన ఇళ్లలో ఆడది గడప దాటాలంటే పేరంటమో, నోమో, కార్తీకంలో వనభోజనమో ఏదో ఒక వంక కావాలి. ఆ పేరంటానికైనా వితంతువుకు పిలుపుండేది కాదు. ఏ వ్రతమూ లేకుండా చదువుకోవడానికీ మాట్లాడుకోవడానికీ ఆడవాళ్లు కూడుకోవచ్చని మొదట చూపించినవాళ్లలో భండారు అచ్చమాంబ ఒకరు. చిన్నతనంలోనే పెళ్లయింది. ఆ తరవాత తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో చదువు నేర్చుకున్నారు. 1901లో స్త్రీల జీవితచరిత్రలతో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఊళ్లు తిరిగి మరికొన్ని సమాజాలకు ప్రాణం పోశారు. 1905లో, ముప్ఫై ఏళ్లకే, కన్నుమూశారు. ఇవాళ మనం కుర్చీలు గుండ్రంగా వేసుకుని పుస్తకాల మీద వాదించుకుంటున్నామంటే, ఆ వాదనకు తొలి చాప పరిచింది ఆవిడ తరమే.

మరి ఇప్పుడంతా బాగుందా? ప్రభుత్వ గణాంక శాఖ 2019లో జనం రోజు ఎలా గడుపుతున్నారో లెక్క తీసింది. ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తే, మగవాళ్లు 97 నిమిషాలు చేశారు. అది కూడా ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ల లెక్క మాత్రమే సుమండీ! అసలు పెట్టనివాళ్లు ఆ సగటులోకి రానే రారు. 2024లో మళ్లీ లెక్క తీస్తే 289, 88 వచ్చాయి. ఆడవాళ్లకు తగ్గింది పది నిమిషాలు. ఒక మల్లెతీగను పందిరికి పాకించడానికైనా చాలవు.

లోఖండే మహజరు మీద 5,500 మంది నిలబడ్డారు. వంటింటి తరఫునా అలాంటిదొకటి కావాలి. నేను రాయడానికి సిద్ధం. సంతకాలు పెట్టేవాళ్లంతా వచ్చే ఆదివారం మధ్యాహ్నం కూడుకుందాం. కాకపోతే ఆ పూట వంట ఎవరు చేస్తారన్నది మీ ఇంట్లో ముందే తేల్చుకుని మరీ రండి.